ప్లాస్టిక్ కర్ర విరిగితే ఏమవుతుంది? సాము కర్రల ఎంపికలో ముందు అడగాల్సిన ప్రశ్న

మార్చి దాటాక అనంతపురంలో వెదురు కర్రను నమ్మడం కష్టం. సంక్రాంతికి నున్నగా, నిండుగా ఉన్న కర్ర మీద ఉగాదికల్లా గణుపు నుంచి గణుపుకు వెంట్రుక లాంటి గీత పడుతుంది. పది రోజులు తిప్పేసరికి ఆ గీత నోరు తెరుస్తుంది. దెబ్బ తగిలినప్పుడు చీలిక విచ్చుకుంటుంది, మళ్లీ మూసుకునేటప్పుడు అరచేతి చర్మాన్ని పట్టేస్తుంది. కర్రసాము నేర్చుకున్నవాళ్లలో ఈ గిచ్చుడు తెలియనివాళ్లు తక్కువ.

ఇందులో వెదురు తప్పేమీ లేదు. దాని నారలన్నీ నిలువునా ఉంటాయి. పొడవు దిశలో వాటి బలానికి వంక పెట్టలేం కానీ, అడ్డంగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే శక్తి చాలా తక్కువ. గాలిలో తేమ తగ్గితే వెదురు ఆరి కుంచించుకుపోతుంది. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో, ఎండలు 45 డిగ్రీలు దాటే కర్నూలులో ఆ ఆరడం మరీ తొందరగా జరుగుతుంది. పైపొర ఒక వేగంతో, లోపొర ఇంకో వేగంతో ఆరితే నారలు విడిపోక తప్పదు. దానికి తోడు పుచ్చు పురుగు. వెదురులోని పిండిపదార్థం కోసమే అది వస్తుంది. మూలన నిలబెట్టిన కర్ర కింద సన్నటి పొడి రాలుతోందంటే లోపల పని చాలావరకు అయిపోయినట్టే.

అందుకే సాము నేర్పే వస్తాదులూ, కరాటే క్లాసులు నడిపే మాస్టర్లూ ప్లాస్టిక్ వైపు చూస్తున్నారు. పిల్లల సంఖ్య పెరగడం కూడా ఒక కారణం. 2022 జూన్‌లో హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో గత్కా, కలరిపయట్టు, థాంగ్‌తా లాంటి దేశీ విద్యలకు చోటిచ్చారు. 2024 జనవరిలో తమిళనాడులో జరిగినప్పుడు తమిళుల కర్రసాము సిలంబం ప్రదర్శన క్రీడగా కనిపించింది. కర్ర పట్టుకుంటే సర్టిఫికెట్ కూడా వస్తుందనేసరికి తల్లిదండ్రులు పిల్లల్ని పంపుతున్నారు. ఇరవై మంది పిల్లలకు ఇరవై మంచి వెదురు కర్రలు వెతకడం కన్నా, హార్డ్‌వేర్ షాపుకెళ్లి నాలుగు పైపులు కోయించుకోవడం సులువు.

అక్కడ అడిగే ప్రశ్న ఒక్కటే ఉంటుంది. ‘ఏది గట్టిది?’ సాధన కర్ర విషయంలో ఈ ప్రశ్న దారి తప్పిస్తుంది. మనిషి చేతిలో తిరిగే కర్రకు కావలసినంత బలం దాదాపు అన్ని ప్లాస్టిక్‌లలోనూ ఉంది. తేడా అంతా ఆ బలం అయిపోయిన క్షణంలో ఏం జరుగుతుందన్న దగ్గరే వస్తుంది. కర్ర వంగుతుందా, చీలుతుందా, గాజులా పగిలి ముక్కలు ఎగురుతాయా? మొదట అది తేల్చుకోవాలి. తర్వాత బరువు, ఆ తర్వాత బిరుసు, అంటే వంగకుండా నిలిచే గుణం. బలం చివర్న చూసినా నష్టం లేదు.

కర్నూలు జిల్లాలో కర్ర అనగానే చాలామందికి గుర్తొచ్చేది దేవరగట్టు. హొళగుంద మండలంలోని ఆ కొండ దగ్గర దసరా అర్ధరాత్రి మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లు ఊళ్లు కర్రలతో తలపడతాయి. ఏటా పదుల మందికి తలలు పగులుతాయి. అది మొక్కుబడి, ఆచారం, పంతం కలిసిన వ్యవహారం. దాని కర్రల సంగతి వేరు. అక్కడ కనిపించే ఇనుప రింగులను చూసి సాధన కర్రకు కూడా అలాంటివి బిగించుకునే కుర్రాళ్లు ఉంటారు కాబట్టే ఇక్కడ ప్రస్తావించాల్సి వస్తోంది. చివర్లో చేరిన 50 గ్రాముల ఇనుము, మధ్యలో చేరిన 50 గ్రాములతో సమానం కాదు. కర్ర చివర బరువు తిరుగుడు మీద చూపే ప్రభావం దూరం వర్గంతో పెరుగుతుంది. పైగా ఇనుము ఎదుటి కర్ర మీద గాట్లు పెడుతుంది, ఆ గాట్ల దగ్గరే తర్వాత కర్ర విరుగుతుంది.

వెదురు ముందే చెబుతుంది

ప్లాస్టిక్‌ను తూచాలంటే తక్కెడలో రెండోవైపు ఏముందో ముందు తెలియాలి. నల్లమలలో పెరిగే, లోపల గుల్ల దాదాపు లేని గట్టి వెదురును తీసుకుందాం. ఘన సెంటీమీటరుకు సుమారు 0.7 గ్రాముల బరువు ఉంటుంది. 25 మిల్లీమీటర్ల మందం, ఒకటిన్నర మీటరు పొడవున్న కర్ర 500 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. అదే కొలతలో పేము కర్ర 370 గ్రాములు ఉంటుంది. ఆ బరువులో వెదురు చూపించే బిరుసు అసాధారణం. వంచితే వంగుతుంది, వదిలితే వెంటనే తిన్నగా నిలుస్తుంది, ఊగులాట ఉండదు.

అంతకన్నా గొప్ప గుణం, అది చెప్పి మరీ విరగడం. మొదట శబ్దం మారుతుంది. టంగుమనే కర్ర బొంగురుపోతుంది. తర్వాత చీలిక కనిపిస్తుంది, చేతికి గుచ్చుకుంటుంది. ఇంత జరిగినా పట్టించుకోకుండా వాడితే చివరికి విరుగుతుంది. అప్పుడు కూడా నారలు పూర్తిగా తెగవు కాబట్టి విరిగిన సగం చాలాసార్లు వేలాడుతూనే ఉంటుంది. విరిగిన మొన బల్లెంలా ఉంటుందన్నదీ నిజమే. కానీ అప్పటికి మనిషి జాగ్రత్తపడే సమయం దొరికి ఉంటుంది.

జపాన్ కత్తి విద్య కెండోలో వాడే సాధన కత్తి, షినై కథ ఇక్కడ పనికొస్తుంది. నాలుగు వెదురు పలకలను కలిపి, పిడికీ మొనకూ తోలు తొడిగి కడతారు. పెద్దవాళ్ల 39 సైజు షినై 120 సెంటీమీటర్లకు మించకూడదు, మగవాళ్లకు కనీసం 510 గ్రాములు ఉండాలి. ముఖానికి ఇనుప జాలీ ఉన్న శిరస్త్రాణం పెట్టుకునే ఆడతారు. అయినా ఆటకు ముందు పలకల మీద చీలిక ఉందేమోనని తడిమి చూడటం వాళ్లకు అలవాటు. జాలీ సందులోంచి ఒక్క పేడు కంట్లోకి వెళ్తే చాలు కదా. కార్బన్ ఫైబర్ షినై కూడా వచ్చింది, అది చాలాకాలం మన్నుతుంది. దాన్ని కూడా అంతే శ్రద్ధగా చూసుకోవాలి. ఇంత కవచం ఉన్నచోటే ఇంత జాగ్రత్త ఉంటే, టీషర్టు, ట్రాక్ ప్యాంటు మీద సాము చేసే మన పిల్లల సంగతి ఏమిటి?

హార్డ్‌వేర్ షాపు పైపు

మన దగ్గర ‘ప్లాస్టిక్ కర్ర’ అంటే నూటికి తొంభైపాళ్లు పీవీసీ పైపే. దొరకడం తేలిక, ధర తక్కువ, తిన్నగా ఉంటుంది, కావలసిన పొడవుకు కోయించుకోవచ్చు. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి.

గుల్లగా ఉండటం పీవీసీకి పెద్ద బలం. 25 మిల్లీమీటర్ల బయటి మందం, 2 మిల్లీమీటర్ల గోడ ఉన్న ఒకటిన్నర మీటరు పైపు 300 గ్రాములే ఉంటుంది. అదే పదార్థంతో నిండు కడ్డీ చేస్తే కిలో దాటుతుంది. గోడ మాత్రమే మిగలడంతో బరువు 30 శాతానికి పడిపోయినా, వంగకుండా నిలిచే శక్తి మాత్రం సగం దాకా మిగులుతుంది. కడ్డీ వంగేటప్పుడు పని చేసేది ఎక్కువగా అంచున ఉన్న పదార్థమే, నడుమ ఉన్నది దాదాపు ఊరికే కూర్చుంటుంది. ప్రకృతి వెదురుకు గుల్ల పెట్టిందీ ఇందుకే.

ఇక అసలు చిక్కు. పీవీసీ విరిగితే చెప్పి విరగదు. పైపు మీద చిన్న గాటు, హ్యాక్సా బ్లేడు జారి పడిన గీత, మూతను సుత్తితో కొట్టి బిగించినప్పుడు పడిన నెర్రె, వీటిలో ఏదో ఒకటి చాలు. గట్టి దెబ్బకు అక్కడి నుంచి నెర్రె ఒక్కసారిగా పరుగెడుతుంది. పైపు కత్తిమొనల్లాంటి పెచ్చులుగా పగులుతుంది, సగం ముక్క ఎగిరిపోతుంది. ఎంత వేగంతో ఎగురుతుందో లెక్క వేయడం కష్టం కాదు. ఒకటిన్నర మీటరు కర్రను మధ్యలో పట్టుకుని సెకనుకు రెండు చుట్లు తిప్పితే కొన గంటకు 34 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పదేళ్ల పిల్లవాడు కూడా నెల రోజుల సాధనలో ఆ వేగం అందుకోగలడు.

ఎండ ఈ గుణాన్ని ఇంకా పాడుచేస్తుంది. మిద్దె మీద రెండు వేసవులు గడిపిన పైపును గోటితో గీకితే తెల్లటి పొడి వస్తుంది. అది మురికి అనుకుంటే పొరపాటు, పైపు పైపొరే చచ్చిపోయి రాలుతోంది. ఆ పొరలో పుట్టే సూక్ష్మమైన నెర్రెలే రేపటి పగులుకు మొదలు. తెల్లటి కరెంటు పైపు గోడల్లోపల ఉండటానికి చేసినది, ఎండకు కాదు. అందుకే సాధన అయ్యాక నీడలో పెట్టడం, కొన్న నెలను మార్కర్‌తో కర్ర మీదే రాసిపెట్టడం, ఏడాది దాటితే మార్చేయడం మంచి పద్ధతి.

కొనేటప్పుడు పైపు మీద అచ్చు చదవాలి. తాగునీటి పైపులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 4985. ఐఎస్‌ఐ గుర్తు, ఆ నంబరు, పీడన తరగతి, తయారీ వివరం వరుసగా ఉంటాయి. అచ్చు లేని చవక పైపుల్లో సుద్దపొడి ఎక్కువ కలుపుతారు. సుద్ద పెరిగినకొద్దీ పైపు పెళుసుబారుతుంది, బరువు కూడా పెరుగుతుంది. అందువల్ల చేతికి బరువుగా తగిలిందని మంచిదనుకుంటే మోసపోయినట్టే. అనుమానం ఉంటే అంగుళం ముక్క కోసి వైస్‌లో పెట్టి మెల్లగా బిగించాలి. మంచి పైపు చపాతీలా అణుగుతుంది. నాసిరకం టప్పుమని పగులుతుంది. ఆ పని చేసేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

తీర్పు చెప్పాలంటే, ఒంటరిగా తిప్పే సాధనకు, అందులోనూ చిన్నపిల్లలకు, పీవీసీ పరవాలేదు. 20 మిల్లీమీటర్ల మందం, ఒకటిన్నర మిల్లీమీటర్ల గోడ ఉన్న 4 అడుగుల పైపు 150 గ్రాములకు మించదు. మోకాలికో తలకో తగిలినా ఏడ్చి ఊరుకుంటారు. దాని మీద గుడ్డ టేపు ఈ చివర నుంచి ఆ చివరకు ఏటవాలుగా చుట్టాలి. పట్టు కోసం ఎలాగూ పనికొస్తుంది, అంతకుమించి పగిలినప్పుడు పెచ్చులను పట్టి ఉంచుతుంది. కర్రకు కర్ర తగిలించే సాధనకు మాత్రం ఎంత టేపు చుట్టినా పీవీసీ వద్దు. లోపల ఇసుక నింపి బరువు పెంచే అలవాటు మరీ ప్రమాదం.

వంగేవి, విరగనివి

పీవీసీకి పూర్తిగా ఎదురు గుణం హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథీన్‌ది. బోరుబావుల్లోకి దించే నల్లటి పైపు చూడనివాళ్లు సీమలో లేరు. దీన్ని కారుతో తొక్కించినా పగలదు, వంగుతుంది, నలుగుతుంది, మళ్లీ కొంత లేస్తుంది. అందులో కలిపే రెండు మూడు శాతం మసి ఎండను లోపలికి పోనివ్వదు, కాబట్టి రంగుల ప్లాస్టిక్‌కన్నా నల్లదే ఎక్కువ కాలం నిలుస్తుంది. డ్రిప్పు లేటరల్ పైపులు అనంతపురం పొలాల్లో ఏళ్ల తరబడి ఎండకు పడి ఉన్నా పనిచేస్తున్నాయంటే ఆ మసి పుణ్యమే.

విరిగే తీరు ఒక్కటే చూస్తే దీనికి పోటీ లేదు. కానీ పొడవాటి కర్రగా ఇది నిలవదు. మంచి వెదురుతో పోలిస్తే హెచ్‌డీపీఈ బిరుసు పదకొండో వంతు కూడా ఉండదు. 25 మిల్లీమీటర్ల వెదురు కర్రకున్నంత బిరుసు దీంతో తేవాలంటే 46 మిల్లీమీటర్ల నిండు కడ్డీ కావాలి. దాని బరువు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. రోకలి తిప్పినట్టే. అదే 25 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచితే 700 గ్రాములు ఉండి, తిప్పుతున్నప్పుడు కొన వెనకబడుతుంది. చేయి ఆగాక కూడా కొన ఆగదు, ఇంకో జానెడు ముందుకు పోతుంది. ఎదుటివాడు దెబ్బను అడ్డుకున్నా కర్ర ఒంగి అడ్డు దాటుకుని వేళ్ల మీద పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది రెండు విధాల నష్టం. దెబ్బ తగలడం ఒకటి, కర్ర ఎక్కడ ఆగుతుందో చేతికి తప్పుడు అంచనా అలవాటవడం రెండోది.

ఇంకో చిక్కు చుట్ట. సన్న పైపులు చుట్టలుగా వస్తాయి, ఆ వంకర ఒక పట్టాన పోదు. ఎండలో బండరాళ్ల కింద పెట్టి తిన్నగా చేసినా, నాలుగు రోజులకు మళ్లీ తన దారి తాను చూసుకుంటుంది. కాబట్టి పొడవు కర్రకు నిండు కడ్డీయే తప్ప చుట్ట పైపు పనికిరాదు.

ఈ పైపునే వెదురుకు పైతొడుగుగా వాడితే ఎలా ఉంటుందన్న ఆలోచన చాలామందికి వస్తుంది. వెదురు బిరుసు, ప్లాస్టిక్ పట్టు రెండూ కలుస్తాయి, పేళ్లు బయటకు రావు. వినడానికి బాగానే ఉంది. అయితే లోపల కర్ర చీలిన సంగతి కంటికి కనపడదు, వేలికి తగలదు. వెదురుకున్న గొప్ప గుణమే ముందుగా చెప్పడం అనుకున్నాం, తొడుగు దాని నోరు నొక్కేస్తుంది. వాడితే వారానికొకసారి తొడుగు లాగి చూడాలి.

పాలీప్రొపిలీన్, అంటే షాపుల్లో పీపీ రాడ్ అనేది, పొట్టి కర్రలకు మంచి రాజీ. హెచ్‌డీపీఈ కన్నా కొంచెం బిరుసు, కొంచెం తేలిక. విదేశాల్లో అమ్మే ప్లాస్టిక్ సాధన కర్రలు, చెక్క కత్తుల నకళ్లు చాలావరకు దీంతోనే చేస్తారు. కానీ బరువు లెక్క మరవకూడదు. 28 అంగుళాల పొడవు, 28 మిల్లీమీటర్ల మందం ఉన్న పేము కర్ర 220 గ్రాములుంటే, అదే కొలత పీపీ కర్ర 390 గ్రాములు ఉంటుంది. చూడటానికి రెండూ ఒకటే. వేలి కణుపు మీద పడితే తేడా తెలుస్తుంది. పేముతో ఆడిన వేగంతోనే పీపీతో ఆడేవాళ్లు మొదటి వారంలోనే వేళ్లు వాచి కూర్చుంటారు. అందుకే పేము నుంచి ప్లాస్టిక్‌కు మారేటప్పుడు మందం తగ్గించుకోవడం తెలివైన పని. ఎండ దీనికి పడదు. నల్ల రంగుది దొరికితే మేలు.

బరువైనవి, నిక్కచ్చిగా ఉండేవి

నైలాన్ కడ్డీ చేతికి బాగుంటుంది. దెబ్బ ఓర్చుకుంటుంది, అరగదు. తేమ తాగడం దాని ప్రత్యేకత. వానాకాలంలో మెత్తబడి దెబ్బను మింగుతుంది, ఏప్రిల్ ఎండకు ఆరి బిరుసెక్కి, గాట్ల దగ్గర పగలడానికి సిద్ధంగా ఉంటుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్లకు నైలాన్ ఇచ్చినంత భరోసా మన పొడి గాలిలో ఇవ్వదు. వేసవిలో అప్పుడప్పుడు రాత్రంతా నీళ్లలో నానబెట్టడం వల్ల కొంత మేలుంటుంది. గాట్లు పడితే గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయాలి. ఒకటిన్నర మీటరుకు 850 గ్రాములు, పెద్దవాళ్లకే.

పాలికార్బనేట్ అందరూ చూసినదే. మన దేశంలో చాలా పోలీసు బలగాలు వెదురు లాఠీ పక్కన పాలికార్బనేట్ లాఠీ కూడా పెట్టుకున్నాయి. గాజులా కనిపిస్తూ సుత్తికి కూడా లొంగదు. ‘పోలీసులు వాడేది కాబట్టి మంచిదే’ అని కొనేవాళ్లు ఒక సంగతి ఆలోచించాలి. లాఠీ తయారైన అవసరం వేరు. ఎదుటివాడి కర్రను కాపాడటం, ఎదుటివాడి వేళ్లను కాపాడటం దాని పనిలో లేదు. సాధన కర్రకు అదే మొదటి పని. 880 గ్రాముల నిండు కడ్డీ కోడిపుంజు లాంటి పిల్లవాడి చేతిలో పెట్టడం భావ్యం కాదు.

ఈ ప్లాస్టిక్‌కు రసాయనాలంటే భయం. పెట్రోలు, థిన్నరు, కొన్ని రకాల పెయింట్లు తగిలితే లోపల వెండి దారాల్లాంటి సన్నటి గీతలు పుడతాయి. అలా గీతలు పడ్డ కడ్డీ ఎంత దెబ్బకు నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు. క్లబ్బు పేరు పెయింటుతో రాయించడం, మరకలు పోవాలని థిన్నరుతో తుడవడం, ఈ రెండూ దానికి చేటు. సబ్బు నీళ్లు చాలు.

అసిటాల్ అనే ఇంకో ప్లాస్టిక్ మెషీన్ షాపుల్లో దొరుకుతుంది. కిలో దాటే బరువు దాన్ని పోటీలోంచి తప్పిస్తుంది.

ఫైబర్ గ్లాస్ మీద మోజు పడేవాళ్లు చాలామంది. బిరుసులో వెదురును మించింది, ఎండకు ఆరదు, పురుగు పట్టదు, రంగురంగుల్లో మెరుస్తుంది. నిండు కడ్డీ కిలోన్నరకు దగ్గరగా ఉంటుంది, గొట్టమైతే తేలిక. అయితే కర్రకు కర్ర తగిలే ఆటలో దీని పైపొర అరుగుతుంది. అరిగినచోట గాజు నారలు లేస్తాయి. సూదికన్నా సన్నంగా, కంటికి ఆనకుండా అరచేతిలో దిగుతాయి. తీయబోతే మధ్యలో తెగుతాయి, వారం రోజులు మంట. గట్టి దెబ్బకు గొట్టం నలిగితే బయటకొచ్చేది గాజు నారల చీపురు. ప్రదర్శనల్లో ఒంటరిగా తిప్పడానికి తప్ప, ఇద్దరు తలపడే సాధనకు దీన్ని ఒప్పుకోకూడదు. కార్బన్ ఫైబర్ గొట్టాలకూ ఇదే మాట, ధర మాత్రం ఇంకా ఎక్కువ.

దెబ్బ తగలాల్సిందే అన్నప్పుడు

నేర్చుకునేవాళ్లు ఎప్పటికైనా ఒకరి మీద ఒకరు నిజంగా దెబ్బ వేసి చూడాలి. గాలిలో తిప్పడం ఎంత బాగా వచ్చినా, వచ్చే దెబ్బను చూసి కన్ను మూయకుండా ఉండటం అలా రాదు. దీనికి మెత్తటి తొడుగున్న కర్ర కావాలి. ఏసీ రాగి పైపులకు తొడిగే నల్లటి స్పాంజి గొట్టం మెకానిక్‌ల దగ్గర, ఏసీ సామాన్ల షాపుల్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. అంగుళం లోపు మందమున్న తేలికపాటి కర్రకు అది సరిగ్గా పడుతుంది. స్పాంజి చేసే పని దెబ్బను ఎక్కువ సమయం మీద, ఎక్కువ చోటు మీద పరచడం. బరువును మాత్రం తగ్గించలేదు. కిలో కడ్డీకి స్పాంజి చుడితే అది స్పాంజి చుట్టిన కిలో కడ్డీయే.

ఇందులో ఎప్పుడూ మోసం చేసేది కొన. లోపలి కర్ర చివర కొన్ని వందల దెబ్బలకు స్పాంజిని చీల్చుకుని బయటకు పొడుచుకొస్తుంది, ఆ సంగతి తెలిసేది కంటి పక్కన పొడిచాకే. ముసలివాళ్ల చేతికర్ర అడుగున తొడిగే రబ్బరు బుష్‌ను ముందు లోపలి కర్రకు తొడిగి, దాని మీద స్పాంజిని నాలుగు వేళ్లు అదనంగా వదిలి, టేపు చుడితే చాలాకాలం ఆ బెడద ఉండదు. తొడుగు ఉన్నా కంటికి అద్దాలు, చేతికి గ్లవ్స్ ఉండాల్సిందే. మెత్తటి కర్ర చేతికొస్తే మనుషులకు ధైర్యం ఎక్కువవుతుంది, తొడుగు ఇచ్చిన లాభం సగం అక్కడే పోతుంది.

షాపులో, ఇంట్లో

ఇంజనీరింగ్ ప్లాస్టిక్ కడ్డీలు మన ఊళ్ల హార్డ్‌వేర్ షాపుల్లో అరుదు. బెంగళూరు పీణ్య లాంటి పారిశ్రామిక ప్రాంతాల్లో తెప్పించుకోవాలి. చాలాచోట్ల మీటరు ముక్కలుగానే ఇస్తారు. రెండు ముక్కలు మరలతో కలిపి పొడవు చేయిస్తే, దెబ్బల భారమంతా ఆ అతుకు మీదే పడుతుంది. అతుకు ఉన్న కర్రను తలపడే సాధనకు వాడకూడదు.

తెల్లగా ఉన్న ప్రతి కడ్డీనీ నైలాన్ అని అమ్మడం కౌంటర్ల దగ్గర మామూలే. తేల్చుకోవడానికి బకెట్ నీళ్లు చాలు. చిన్న ముక్క వేసి చూడాలి. పీపీ, హెచ్‌డీపీఈ తేలుతాయి. నైలాన్, పాలికార్బనేట్, పీవీసీ, అసిటాల్ మునుగుతాయి. తేలిన రెండింటిలో గోటి గీత సులువుగా పడేది హెచ్‌డీపీఈ. కొందరు ముక్కను కాల్చి వాసన చూసి చెబుతారు. పీవీసీ అయితే ఆ పొగ ఆమ్లపు పొగ, ముక్కు దగ్గర పెట్టుకునేది కాదు.

పట్టు విషయంలో పీపీ, హెచ్‌డీపీఈ ఇబ్బంది పెడతాయి. చెమట పట్టిన చేతిలో సబ్బు ముక్కలా జారతాయి, ఏ జిగురూ వాటి మీద నిలవదు, టేపు కూడా అంచుల నుంచి లేచిపోతుంది. పట్టుకునే చోట గరుకు కాగితంతో అడ్డంగా రుద్దడం, క్రికెట్ బ్యాటు గ్రిప్పు తొడగడం, పాత సైకిల్ ట్యూబు ముక్కను బిగించడం, ఈ మూడింటిలో ఏదైనా పనిచేస్తుంది. కర్రను చేతుల్లో జారుస్తూ తిప్పే పద్ధతిలో గ్రిప్పు అడ్డమవుతుంది కాబట్టి వాళ్లకు రుద్దడమే గతి.

పొడవు మీద ఒక్క మాట. చాలామంది గురువులు మనిషి నుదుటి ఎత్తుకో, చెవి ఎత్తుకో కొలిచి కోస్తారు. ‘ఎదిగే పిల్లవాడు, కాస్త పొడవుంటే ఇంకో ఏడాది వస్తుంది’ అని బట్టలు కొన్నట్టు కొనేవాళ్లుంటారు. అదే మందంలో కర్ర పొడవు పదోవంతు పెరిగితే దాన్ని తిప్పడానికీ ఆపడానికీ పడే కష్టం మూడోవంతు పెరుగుతుంది. వెదురులోనే అది బరువు. ప్లాస్టిక్‌లో పిల్లవాడి మణికట్టు నెల తిరక్కుండానే నొప్పెడుతుంది.

దాచే పద్ధతి వెదురుకూ ప్లాస్టిక్‌కూ ఒకటి కాదు. వెదురును గోడకు చేరేస్తే పెద్ద నష్టం లేదు. హెచ్‌డీపీఈ, పీపీ కర్రలను వేసవిలో గోడకు చేరేస్తే వారంలో విల్లులా వంగుతాయి. నల్లటి కర్ర ఎండలో 60 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలో ప్లాస్టిక్ బిరుసు బాగా పడిపోయి, తన బరువుకే మెల్లగా వంగి, చల్లారాక అలాగే ఉండిపోతుంది. బైకు పక్కన తాడుతో కట్టి మధ్యాహ్నమంతా పార్కింగ్‌లో వదిలినా అంతే. నేల మీద పడుకోబెట్టడమో, రెండు మూడు చోట్ల ఆనేలా గోడకు మేకులు కొట్టి అడ్డంగా పెట్టడమో చేయాలి.

పక్కన పెట్టిన కర్రను మూలన అలాగే వదలకూడదు. గీత పడిన పైపు, గాటు పడిన నైలాన్, తెల్లబారిన పాలికార్బనేట్, ఏదైనా సరే, ఆలస్యంగా వచ్చి కర్ర దొరకని పిల్లవాడు మొదట చూసేది ఆ మూలనే. రంపంతో మూడు ముక్కలుగా కోసేయాలి. పీవీసీ ముక్కలు టమాటా మొక్కలకు ఊతంగా బాగానే పనికొస్తాయి.